మందు దొరకని దినములలో ఏడుగురి పని

(పెద్దల సండేస్కూలు తరగతికి పాఠము. ముందుగా చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, ఆదికాండము 41:46–57, నిర్గమకాండము 16:13–21)

ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొన్న విషయము కొందరికి వింతగా తోచవచ్చును. డాక్టరు చీటీ వ్రాసి ఇచ్చాడు. చీటీలో ఉన్న మందు ప్రభుత్వ ఆసుపత్రిలో లేదు, వీధి చివరి మెడికల్ షాపులో లేదు, బజారులోని పెద్ద షాపులోనూ లేదు. ఇంటిలో మాత్రలు నాలుగు రోజులకే ఉన్నవి. అప్పుడు సంఘము ఏమి చేయవలెను? ప్రార్థన చేయవలెనని మనందరికీ తెలుసు, దానికి వేరే పాఠము అక్కరలేదు. ప్రార్థన ముగించి లేచిన తరువాత ఎవరు ఎక్కడికి వెళ్లవలెను, ఏమి అడుగవలెను అన్నదే నేటి పాఠము.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయమును మనము డీకన్ల అభిషేక దినమున మాత్రమే చదువుతూ వచ్చాము. ఒకసారి దానిని పరదేశమున స్థిరపడినవారి కన్నులతో చదువుదము. యెరూషలేము సంఘములో రెండు భాషలవారు ఉన్నారు. స్థానిక భాష మాట్లాడేవారు ఒక వర్గము. బయట ప్రాంతములలో తరతరాలుగా బ్రతికి, గ్రీకు మాట్లాడే యూదులు మరొక వర్గము. ప్రతిదినము జరిగే పంపకములో ఈ రెండవ వర్గపు విధవరాండ్రు తప్పిపోతున్నారు. పంచేవారు దుర్మార్గులని లూకా వ్రాయలేదు. ఎవరో కావలెనని మానివేశారనికూడ వ్రాయలేదు. వరుసలో నిలబడి గట్టిగా అడుగలేనివారు తప్పిపోయారు, అంతే. కొరత ఉన్నచోట ఎప్పుడూ ముందు తప్పిపోయేది వారే.

అపొస్తలులు ఆ సణుగును అవిశ్వాసమని గద్దించలేదు. ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే అంతియొకయ నుండి వచ్చి యూదుల మతములో చేరినవాడు. ఎవరి విధవరాండ్రకు అన్నము అందలేదో, వారి భాష ఎరిగినవారి చేతికే పంపకము అప్పగించబడినది. ఈ ఏర్పాటు జరిగిన వెంటనే సంఘము విస్తరించినదని ఏడవ వచనము సాక్ష్యమిస్తున్నది.

మనము కోలారు బంగారు గనుల కాలనీలలో, షోలాపూరు మగ్గాల పేటలలో, చెన్నై పారిశుద్ధ్య కార్మికుల నివాసములలో, బరంపురము, రాయగడ వీధులలో తరతరములుగా ఉన్నవారము. మన పిల్లలకు స్థానిక భాష బాగుగా వచ్చును. మన ముసలి తల్లులకు అంత రాదు. ఆసుపత్రి కిటికీ దగ్గర "స్టాక్ ఇల్ల" అనో, "స్టాక్ ఇల్లై" అనో, "ఔషధ్ నాహీ" అనో ఒక మాట వినబడగానే ఆ తల్లి చీటీ మడిచి కొంగున ముడి వేసికొని ఇంటికి వస్తుంది. "మళ్లీ ఎప్పుడు వస్తుంది? దీనికి బదులు ఏమున్నది? ఇంకెక్కడ దొరుకుతుంది?" అను మూడు ప్రశ్నలు ఆమె అడుగలేదు. ఆ మూడు ప్రశ్నలు అడిగేవాడే నేటి స్తెఫను, నేటి ఫిలిప్పు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. క్షయవ్యాధి మందుల సంగతే తీసికొందము. మన దేశములో ఈ మందులను ప్రభుత్వము ఉచితముగా ఇస్తున్నది. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తరువాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసివేసి మిగిలిన మూడు. ఇవన్నీ ఒకే మాత్రలో కలిపి ఉండును. రోగి బరువును బట్టి రోజుకు ఎన్ని మాత్రలో నిర్ణయిస్తారు. 2024 మార్చిలో ఈ మాత్రల సరఫరా ఆలస్యము కావచ్చునని కేంద్రము రాష్ట్రములకు లేఖ వ్రాసినది. మూడు నెలలకు సరిపడ మందును స్థానికముగా కొనుక్కొనవలెననియు, అది కుదరని పక్షమున రోగి బయట కొన్న ఖర్చును తిరిగి చెల్లించవలెననియు అందులో ఉన్నది. ఖర్చు తిరిగి వచ్చుననే సంగతి కిటికీ దగ్గర నిలబడిన రోగులలో ఎందరికి తెలిసినది? తెలిసినవారు బిల్లు దాచుకొన్నారు. తెలియనివారు అప్పు చేసి కొన్నారు, లేదా మానివేశారు.

మానివేయుట ఎందుకు ప్రమాదము? మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్సా కేంద్రము రోగులను రెండు భాగములుగా చేసి, కొందరికి శానిటోరియములోను, కొందరికి వారి బీద ఇండ్లలోను మందు ఇచ్చి చూచినది. 1959లో వెలువడిన ఫలితములో ఇంటివద్ద ఉన్నవారును దాదాపు అంతే బాగా స్వస్థపడ్డారు. మంచి గాలి, మంచి మంచము, మంచి భోజనము కంటె క్రమము తప్పని మందే ముఖ్యమని లోకమంతటికి అప్పుడు తెలిసినది. మన పెద్దలలో కొందరు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో మిషనరీలు నడిపిన శానిటోరియమును ఎరుగుదురు. అంత దూరము పోనవసరము లేకుండ చేసినది ఈ క్రమమైన మాత్రలే. ఆ క్రమము తెగితే చావక మిగిలిన క్రిములు మందుకు లొంగని క్రిములగును. అది రోగికే కాదు, అదే గదిలో పండుకొనే పిల్లలకు, అదే బల్లమీద కూర్చునే మనకు కూడ అపాయము.

ఇక్కడ ఒక హెచ్చరిక. నాలుగు మందుల మాత్ర దొరకలేదని షాపులో రిఫాంపిసిన్ ఒక్కటి దొరికితే అదే మింగుట మంచిది కాదు. ఏమీ లేనిదానికంటె ఏదో ఒకటి మేలని మనవారు అంటారు. అన్నము విషయములో అది నిజము. క్షయ మందు విషయములో ఒంటరి మందు క్రిమికి లొంగకుండుట నేర్పును. విడివిడి మందులు కొనవలసి వస్తే ఏవేవి, ఎన్నెన్ని మిల్లీగ్రాములు అన్నది డాక్టరు వ్రాసి ఇవ్వవలెను. ఈ మందులు 2014 నుండి హెచ్-1 అను జాబితాలో ఉన్నవి. చీటీ లేకుండ అమ్మకూడదు, షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకములో వ్రాసికొనవలెను. కాబట్టి షాపువాడు చీటీ అడిగితే నొచ్చుకొనవద్దు.

ఇక వెదకుటను గూర్చి. మేము గమనించినంతమట్టుకు మందు కోసము పరుగెత్తేవారిలో సగము శ్రమ చీటీ సరిగా చదువనందున వృథా అవుతున్నది. మందుకు రెండు పేర్లుండును. ఒకటి కంపెనీ పెట్టిన పేరు, రెండవది లోపల ఉన్న మందు అసలు పేరు. కంపెనీ పేరుతో వెదికితే ఒక్క కంపెనీ సరుకే వెదికినట్లు. అసలు పేరుతో వెదికితే పది కంపెనీల తలుపులు తెరచుకొనును. అయితే చీటీలో ఒక కంపెనీ పేరుంటే షాపువాడు తనంతట తాను మరొకటి ఇచ్చుటకు చట్టము ఒప్పుకొనదు. గనుక ముందు డాక్టరు దగ్గరకు పోయి, "అయ్యా, అసలు పేరు వ్రాయండి, బదులు మందు ఏదైన ఉంటే అదియు వ్రాయండి" అని అడుగవలెను. పేరుతోపాటు మోతాదు, పేరు వెనుక ఉన్న ఎస్.ఆర్., సి.ఆర్. వంటి అక్షరములు కూడ చూడవలెను. నెమ్మదిగా కరగే మాత్రకును మామూలు మాత్రకును భేదమున్నది. దానిని విరిచి సగము వేసికొనకూడదు. మరికొన్నిటిలో మోతాదు మార్చుకొనుటకు వీలున్నది. థైరాయిడ్ మాత్ర వంద మైక్రోగ్రాములది లేకపోతే యాభైవి రెండు వేసికొనమని డాక్టరే చెప్పవచ్చును. మూర్ఛ మందుల విషయములో మాత్రము కంపెనీ మార్చునప్పుడు కూడ డాక్టరుకు చెప్పియే మార్చవలెను.

తరువాత ఎక్కడ వెదకవలెను? వీధి షాపు తరువాత జన ఔషధి కేంద్రము, పెద్ద ఆసుపత్రుల లోపలి మందుల షాపు, జిల్లా క్షయ కేంద్రము, మెడికల్ కాలేజీ ఆసుపత్రి. తమిళనాడులో ఉన్నవారికి సహకార మందుల షాపులును, 2025 ఫిబ్రవరిలో వెయ్యిచోట్ల తెరచిన ముదల్వర్ మరుందగములును ఉన్నవి. అన్నిటికంటె మనవారు మరచేది స్టాకిస్టును. చిల్లర షాపుకు సరుకు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారి ఎవరో షాపువాడిని మర్యాదగా అడిగితే చెప్పును. ఆ స్టాకిస్టుకు ఒక్క ఫోను చేస్తే, ఊరిలో ఏ షాపుకు నిన్న ఎన్ని స్ట్రిప్పులు పంపాడో అతడే చెప్పగలడు. ఇరవై షాపులు తిరిగే పని అక్కడ తీరును.

మన వంటివారికి దేవుడిచ్చిన ఒక సౌలభ్యమున్నది, దానిని మనము సరిగా వాడుకొనుట లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల మందులు ఏ రాష్ట్రము ఆ రాష్ట్రము కొంటున్నది. తమిళనాడు 1994లోనే దానికొక సంస్థ పెట్టుకొన్నది. ఒడిశా, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు సంస్థలున్నవి. గనుక సరిహద్దుకు ఇవతల అయిపోయిన మందు అవతల ఉండవచ్చును. యానాము పుదుచ్చేరి పరిపాలనలోనిది, కాని చుట్టూ ఉన్నది ఆంధ్ర నేల. కాకినాడ పెద్దాసుపత్రి బస్సు దూరములోనే ఉన్నది. బరంపురమువారికి ఇచ్ఛాపురము, రాయచూరువారికి గద్వాల, కోలారువారికి కుప్పము దూరము కాదు. మన సంఘములకు ఆ ఊళ్లన్నిటిలో బంధువులు, సహోదర సంఘములు ఉన్నవి. పెండ్లి కబురు రెండు గంటలలో మూడు రాష్ట్రములకు పోవుచున్నది. మందు కబురు ఎందుకు పోకూడదు? క్షయ రోగికి నిక్షయ్ అను పేరుతో ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు ఉన్నవానిని ఒక రాష్ట్రము నుండి మరొక రాష్ట్రమునకు మార్చవచ్చును. పని వెదుకుకొని ఊరు మారేవారు ముందుగా తమ కేంద్రములో చెప్పి మార్పించుకొనవలెను. సహాయమునకు 1800-11-6666 అను ఉచిత ఫోను నంబరు ఉన్నది. పోషణకు నెలకు ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుండి వెయ్యి రూపాయలు చేసినారు, అదియు ఆ నంబరుమీదనే వచ్చును.

వెదకుటలో క్రమము కావలెను. ఒక్క రోగి కోసము బావమరిది, మేనల్లుడు, పాస్టరుగారు, ఎదురింటివారు తలా ఒక వైపు పోయి అవే ఆరు షాపులలో అడుగుదురు. షాపువాడికి నలుగురు రోగులున్నట్లు తోచును. కొందరు ధర పెంచుటకు అదే చాలును. ఒక్కరి చేతిలో ఒక్క నోటుపుస్తకము ఉండవలెను. ఏ షాపు, ఏ గంట, ఎవరు మాట్లాడారు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అన్నది వ్రాయవలెను. దొరికిన వెంటనే మిగిలినవారికి ఆపమని చెప్పవలెను. చాలమంది ఈ చివరి పని మరచెదరు.

మరియొక మాట, ఇది కొంచెము నొప్పిగా ఉండవచ్చును. ఎవరి కోసమో పేరు చెప్పి వేదికమీద ప్రకటన చేయవద్దు. క్షయ, హెచ్ఐవి, మనోవ్యాధి మందులు వెదికేవారికి మందు దొరకకపోవుట ఒక బాధ, పేరు బయటపడుట రెండవ బాధ. 2022 జులైలో హెచ్ఐవితో జీవిస్తున్నవారు మందుల కోసము ఢిల్లీలో నాకో కార్యాలయము ముందు నెలకు పైగా కూర్చున్నారు. వారివలె బహిరంగముగా కూర్చునే ధైర్యము మన సంఘములోని ఒక విధవరాలికి ఉండకపోవచ్చును. మందు పేరు, మోతాదు చెప్పితే చాలును, మనిషి పేరుతో పని లేదు. అందుకే మన ఏడుగురు నోరు కట్టుకొన్నవారై ఉండవలెను. మంచిపేరు గలవారిని ఎన్నుకొనమని అపొస్తలులు చెప్పుటకు ఇదియొక కారణమని మేము తలంచుచున్నాము.

దాచుకొనుటను గూర్చి లేఖనము రెండు చిత్రములు చూపుచున్నది. యోసేపు సమృద్ధి దినములలో ఐదవ భాగము దాచినాడు. అది పట్టణములలో ఉన్నది, కరవు రాగానే అందరికీ తెరువబడినది. అరణ్యములో కొందరు మన్నాను ఉదయమువరకు గుడారములో దాచుకొన్నారు, అది పురుగుపట్టినది. కొరత వినగానే ఆరు నెలల ఇన్సులిన్ కొని ఫ్రిజ్ నింపేవాడు ఏ చిత్రములో ఉన్నాడో తరగతిలో ఆలోచించండి. అట్లని చివరి మాత్ర మింగిన తరువాత షాపుకు బయలుదేరుటయు తెలివి కాదు. రోజూ వాడే మందు పది, పదిహేను రోజులకు మిగిలి ఉండగానే తరువాతిది చూచుకొనవలెను. మూర్ఛ మందులు, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు, గుండెకు వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి ఒక్కసారిగా ఆపితే ప్రాణమునకే ముప్పు. ఇన్సులిన్ వేరే ఊరినుండి తెప్పించితే చల్లని పెట్టెలో రావలెను. రెండు నుండి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండవలెను, మంచుగడ్డకు నేరుగా తగిలి గడ్డకట్టినది పనికిరాదు. బస్సు డ్రైవరు చేతికిచ్చి ఇంజను ప్రక్కన పెట్టించవద్దు.

2021 ఏప్రిల్, మే నెలలను మనలో ఎవరు మరువగలరు? రెమ్డెసివిర్ కోసము నగలు అమ్మినవారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే ఆ మందును సిఫారసు చేయలేమని చెప్పియుండెను. ఇంజెక్షను దొరకనందుననే తండ్రి పోయాడని నేటికిని తమ్మును తాము నిందించుకొనే పిల్లలకు ఈ సంగతి చెప్పుట మన ధర్మము. తరువాత నల్ల ఫంగస్ వచ్చినది. దానికి ఆంఫొటెరిసిన్ నిజముగా అవసరమైనది, అదియు కరవైనది. ఆ రోజులలో నకిలీ సీసాలు అమ్మినవారిని పోలీసులు పట్టుకొన్నారు. కాబట్టి డాక్టరును మొదట అడుగవలసిన ప్రశ్న, "ఇది లేకుండ జరుగదా, జరుగునా?" అని. జరుగదంటే వెదకుదము. వెదికి దొరికిన తరువాత బిల్లు తీసికొనవలెను, బాచ్ నంబరు, గడువు తేదీ చూడవలెను, అచ్చువేసిన ధరకు మించి ఒక్క రూపాయి అడిగినా బిల్లుమీద వ్రాయమనవలెను. బిల్లు ఇవ్వనివాడి సరుకు ఏమిటో దేవునికే తెలియును. పక్షవాత రోగిని మోసిన నలుగురు ఇంటికప్పు విప్పినారు గనుక మనము ఏ దారినైన పోవచ్చునని కొందరు వాదింతురు. వారు కప్పు విప్పినారు కాని నకిలీ యేసు దగ్గరకు దించలేదు.

కొరత ఎందుకు వచ్చుననుటకు ఒక్క ఉదాహరణ చాలును. కీళ్లవాత జ్వరముతో గుండె కవాటములు చెడిన పిల్లలకు మూడు వారములకొకసారి బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షను వేయుదురు. చాల చౌక మందు. ఆ చౌకయే చేటైనది. లాభము లేదని తయారీదారులు తగ్గినారు, ముడిపదార్థము చైనానుండి రావలసి వచ్చినది, పల్లెలలో ఇంజెక్షను దొరకుట అరుదైనది. కాకినాడ ప్రాంతములో 2024లో పెన్సిలిన్-జి కర్మాగారము ఉత్పత్తి మొదలుపెట్టినది. అదే సంవత్సరము అక్టోబరులో ధరల నియంత్రణ సంస్థ ఎనిమిది మందుల పదకొండు రకములకు గరిష్ఠ ధరను యాభై శాతము పెంచినది. బెంజైల్ పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, మనోవ్యాధికి వాడే లిథియం అందులో ఉన్నవి. ధర పెరిగినదని మనము సణుగుదుము. కాని దొరకని చౌక మందుకంటె దొరికే కొంచెము ప్రియమైన మందు బీదవానికి మేలని మా అభిప్రాయము. ఆ ఎక్కువ రూపాయలు సంఘ పేదల నిధి భరించవచ్చును. మందు ఎక్కడా లేనప్పుడు ఆ సంస్థకు ఫిర్యాదు వ్రాయుటకు కూడ వీలున్నది. ఇంగ్లీషులో వ్రాయగల మన యౌవనస్థులకు అది తగిన పరిచర్య.

తరగతిలో మాట్లాడుకొనుటకు:

ఒకే సంఘములో ఇద్దరికి ఒకే మందు కావలెను, దొరికినది ఒక్కరికే సరిపోవును. ఒకరు పెద్ద చందా ఇచ్చే కుటుంబము, మరొకరు ఊడ్పు పని చేసే తల్లి. చీటీ వేయుదురా, పంచుదురా, లేక ఇద్దరి కాగితములు డాక్టరు ముందు పెట్టి ఎవరు ఆగగలరని అడుగుదురా? సగము సగము పంచితే ఇద్దరికీ చికిత్స చెడే మందులు ఏవో పైన చదివినదానినుండి చెప్పండి.

మీ సంఘములో తెలుగును, స్థానిక భాషను రెండింటిని చదువగలవారు, పని దినమున ఆసుపత్రికి పోగలవారు, విన్నది దాచగలవారు ఎవరు? ఏడుగురు దొరకకపోతే ముగ్గురైన చాలును. వారి పేర్లు తరగతి ముగియక మునుపే వ్రాసి పాస్టరుగారికి ఇవ్వండి. ఆ ప్రక్కన, రోజూ మాత్ర వేసికొనే పెద్దలు మీ సంఘములో ఎందరో, వారి ఇంట ఇంకెన్ని రోజులకు మందు ఉన్నదో ఈ వారములో అడిగి తెలిసికొని వ్రాయండి.